కుక్కకు పెట్టు ముద్ద

కుక్క కింత ముద్ద పెట్టుట మన యిండ్లలో క్రొత్తగా వచ్చిన ఆచారము కాదు. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తాను భుజింపక ముందే అన్నములో కొంత తీసి, బయట నేలపై మెల్లగా నుంచవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. దీనిని మన పూర్వుల భూతదయకు నిదర్శనముగా పండితులు సభలలో పేర్కొనుచుందురు. పేర్కొనదగినదే. కాని ఆ ముద్దలో ఏమి యుండవలెనో నిర్ణయింపవలసినవా డెవడు? పెట్టువాడా, తినువాడా? ఈ ప్రశ్న గ్రంథములు చదువునప్పుడు నాకు తోచలేదు. మా వీధికుక్కలకు చేపతోను గ్రుడ్డుతోను చిరుతిండి చేయవలసివచ్చినప్పుడు తోచినది.

ముందుగా మా వీధిని గూర్చి చెప్పవలెను. చిక్కడపల్లి, అశోక్‌నగరు, నారాయణగూడ అను పేర్లు వేరైనను, నడచువానికి అవి యొక్కటే పేట. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులతో ఉదయము మొదలు నిండియుండును. అశోక్‌నగరు సందులన్నియు శిక్షణాలయములు, వసతిగృహములు, జిరాక్సు దుకాణములు, టీ కొట్లు. తెలంగాణపు ప్రతి జిల్లానుండియు వచ్చిన పిల్లలు ఇక్కడ ఒక్కొక్క గదిలో ముగ్గురేసి, నలుగురేసి కాపురముందురు. రాత్రి రెండు గంటలకును టీ కొట్టువద్ద రాజ్యాంగమును గూర్చి వాదము జరుగుచుండును. ఆ వాదము వినుచు కుక్కలు కాళ్లవద్ద పడుకొనియుండును. మా సందులో నున్న యైదు కుక్కలలో పెద్దది యొక గోధుమవన్నె ఆడుకుక్క. పిల్లలు దానికి ‘కలెక్టరు’ అని పేరు పెట్టిరి. తమకు రావలసిన పదవి ముందుగా దానికి వచ్చినదని వారి హాస్యము.

ఈ పిల్లలు దయగలవారు. చేతిలో పది రూపాయలున్నచో అందులో ఐదు రూపాయల బిస్కత్తు పొట్లము కుక్కలకు పోవును. మా తల్లిగారు ప్రతి మధ్యాహ్నము పెరుగన్నము పెట్టుదురు. ఎదురింటివారు శనివారము నాడు రొట్టె వేయుదురు. ఒకరు పండుగ మిగిలిన పులిహోరయు వేసిరి. ఇన్ని చేతులు పెట్టుచున్నను ఆ కుక్కల ప్రక్కటెముకలు లెక్కింప వీలగుచుండెను. చర్మముపై వెండ్రుకలు రాలుచుండెను. ఇంతమంది దయ ఏమైనది?

దయతోపాటు భయము కూడ మా పేటలో నున్నది. 2023 ఫిబ్రవరిలో ఇక్కడికి దగ్గరనే, అంబర్‌పేటలో, నాలుగేండ్ల బాలుడు వీధికుక్కలు మీదపడగా మరణించెను. ఆ దృశ్యము దేశమంతయు చూచినది. బడిలో బోధించువాడను గనుక అటుపిమ్మట చాల దినములు తల్లులు బిడ్డల చేయి విడువక తరగతిగది వాకిలివఱకు వచ్చుట నేను చూచితిని. నారాయణగూడలోని ఐ.పి.ఎం. అను ప్రభుత్వ వైద్యసంస్థ కుక్కకాటు సూదిమందునకు నగరమంతట ప్రసిద్ధము. పిక్కలకు కట్లతో అక్కడ వరుసలో నిలుచు వారిలో ఎక్కువమంది కూలిజనము, వారి పిల్లలు. పాశ్చరు పండితుడు 1885లో తన టీకాతో ఒక బాలుని కాపాడినది మొదలు మానవునకు ఈ వ్యాధినుండి రక్ష యున్నది. కాని లక్షణములు బయటపడిన పిమ్మట ఇంచుమించు ఎవరును బ్రదుకరు. కఱచిన వెంటనే గాయమును సబ్బుతో, పారు నీటిలో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక సూదిమందు పొందవలయును. అంతకంటె ముందు చేయదగినది కుక్కకే టీకా వేయించుట. ఒక ప్రాంతపు కుక్కలలో 70 శాతమునకు టీకా పడినచో వ్యాధి వ్యాపించు దారి తెగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

మా సందులో ఐదు కుక్కలు. లెక్క ప్రకారము నాలుగింటికి టీకా పడవలెను. లెక్క సులభము, కుక్కను పట్టుటయే కష్టము. వలబండి వచ్చిన శబ్దము విన్నంతనే కలెక్టరు తన పరివారముతో గోడ దూకి మాయమగును. బిస్కత్తు చూపి పిలిచిన, దూరమునుండి తోక యూపును గాని చేతి యందుకు రాదు. ప్రతిదినము దొరకు బిస్కత్తుకొఱకు మెడ నేల యప్పగించును?

నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు పోయి యొక వైద్యుని అడిగితిని. ఆయన నవ్వి, “మాష్టారూ, మీరు పెట్టేది మీకు నచ్చింది. దానికి నచ్చింది పెట్టి చూడండి. చేప ఉడికించండి, గ్రుడ్డు కలపండి. వాసనకే వస్తుంది,” అనెను. ఈ మాటలో శాస్త్రమున్నది. కుక్క ముక్కుతో జీవించు జంతువు. మనుష్యుని వెంట వేల యేండ్లు తిరిగినందున అన్నమును రొట్టెను జీర్ణించుకొనుశక్తి దానికి అలవడినదని 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు దాని జన్యువులను పరిశీలించి తెలిపిరి. కావున మా తల్లిగారి పెరుగన్నము దానికి విషము కాదు. కాని కండయు వెండ్రుకయు పెరుగుటకు మాంసకృత్తులు కావలెను. అవి బిస్కత్తులో స్వల్పము. కుక్కల బిస్కత్తును మొదట వ్యాపారముగా చేసిన జేమ్సు స్ప్రాట్టు 1860 ప్రాంతమున లండను రేవులో కుక్కలు ఓడల బిస్కత్తులు తినుట చూచి యా యూహ పొందెనని చెప్పుదురు. అతడు కూడ తన బిస్కత్తులో మాంసము కలిపెను. మనము చక్కెర కలిపిన దానిని కొని పెట్టుచున్నాము.

మా యింట చేప వండరు. చేపను కొనుట యెట్లో, కడుగుట యెట్లో నాకు తెలియదు. మేడమీది గదిలో అద్దెకున్న ముగ్గురు విద్యార్థులలో నొకడు మానేరు ఒడ్డున గంగపుత్రుల యింట పుట్టినవాడు. అతనిని వెంటబెట్టుకొని ఒక యాదివారము రాంనగరు చేపల మార్కెట్టునకు పోతిని. మృగశిర కార్తెనాడు అక్కడ కాలుమోప చోటుండదు. ఆనాడు మాత్రము నడువ వీలుండెను. నా తడబాటు చూచి చేపలమ్మునామె, “ఏం సారూ, పులుసుకా, వేపుడుకా?” అని యడిగెను. “కుక్కలకమ్మా,” అంటిని. ఆమె నవ్వలేదు. “గట్లయితే బొచ్చె వద్దు సారూ, సన్న ముల్లు శానా ఉంటది. కొర్రమట్ట తీస్కో. పైసలు జర ఎక్కువైతయి గాని గొంతుల దిగుతదన్న భయముండది,” అనెను. తెలంగాణకు రాష్ట్రమత్స్యమైన కొర్రమట్టను గూర్చి పుస్తకములో చదివియుంటిని. దాని కండలో సన్నముండ్లు తక్కువను సంగతి, కుక్కగొంతును గూర్చిన ఆలోచన ఆమెవలన తెలిసినవి.

ఇక చేయు విధము. అరకిలో చేపముక్కలను ఉప్పు, కారము, నూనె లేకుండ ఆవిరిపై పదునైదు నిమిషము లుడికింపవలెను. చల్లారిన పిమ్మట ప్రతి ముక్కను వ్రేళ్లతో చిదిపి ముల్లన్నది లేకుండ ఏరవలెను. ఉడికిన ముల్లు పెళుసై గొంతులోను ప్రేవులలోను గ్రుచ్చుకొనును. నేను కండ్లతో వెదకుచుండగా, ఆ విద్యార్థి, “కండ్లతోని కాదు సార్, వేళ్లతోని చూడాలె. మా అమ్మయితే చీకట్ల గూడ తీస్తది,” అని చూపించెను. పిమ్మట రెండు గ్రుడ్లు గిలకొట్టి కలిపి, ముద్ద కట్టునంత జొన్నపిండి గాని బియ్యపుపిండి గాని చేర్చి, పళ్లెములో వ్రేలెడు మందమున పరచి, మరల ఆవిరిపై గట్టిపడువఱకు ఉంచవలెను. చల్లారినపుడు చింతగింజలంత ముక్కలుగ కోసి, పెనముపై సన్నని సెగను తడి యారువఱకు వేడిచేసినచో చేతి కంటక యుండును. శీతలయంత్రములో మూడు దినములు నిలుచును. వేసవిలో బయట నుంచినచో పూటలోనే చెడును.

కొన్ని నిషేధములు గలవు; వానికి కారణములును గలవు. పచ్చిగ్రుడ్డు పెట్టరాదు: తెల్లసొనలోని యొక పదార్థము బయోటిను అను విటమినును పట్టివేయును; పైగా రోగక్రిములుండవచ్చును. పచ్చిచేపయు పెట్టరాదు: బొచ్చె వంటి కొన్ని చేపలలో బి-1 విటమినును నాశనము చేయు పదార్థమున్నది. ఉడికించిన ఈ రెండు దోషములును పోవును. ఉల్లి, వెల్లుల్లి కుక్కరక్తములోని యెఱ్ఱకణములను చెఱచును. కావున ఇంటి చేపలపులుసు మిగిలినదని వేయరాదు. ఎండుచేపలో ఉప్పు మెండు. ద్రాక్ష, కిస్‌మిస్, చాకొలెటు విషతుల్యములు. పాయసములోని కిస్‌మిస్ ప్రేమతో పెట్టువారు గమనింతురు గాక. ఎంత మంచిదైనను చిరుతిండి దినాహారములో పదవవంతు మించరాదు. ఒక గ్రుడ్డులో సుమారు 70 కెలోరీలుండును. మధ్యప్రమాణపు వీధికుక్కకు ఆ పదవవంతు దాదాపు అంతయే.

ఈ వంటకు పాత్ర కావలెను. ఆవిరికి ఇడ్లీ పాత్రకంటె మంచిది లేదు. మా తల్లిగారు దాని కడ్డుగా నిలిచిరి. “కుక్కలకు పెట్టద్దని నేనెన్నడన్న అన్ననా నాయనా? పెట్టు. గాని నా ఇడ్లీ పళ్లెం ముట్టకు,” అనిరి. డెబ్బదియేండ్ల యలవాటుతో వాదమాడుట తగదని వేరొక పాత్ర కొంటిని. మేడమీద వంటకు భవనస్వామి అనుమతి కావలసివచ్చెను. ఆయన కొంచె మాలోచించి, “కుక్కలకే కదా, పుణ్యకార్యం. కానివ్వండి,” అనెను. నా భార్య యొక చిన్న గ్యాసుపొయ్యి పైకి పంపెను. మేడమీది ఆ మూలకు పిల్లలు ‘కుక్కల పొయ్యి’ అని పేరు పెట్టిరి.

ఫలము శీఘ్రముగనే కనబడెను. మొదటివారము ముక్కలు గోడవద్ద నుంచి దూరముగ నిలుచుంటిమి. రెండవవారము కలెక్టరు చేతినుండి తీసికొనెను. మూడవవారము అది తినుచుండగా మెడలో మెత్తని పట్టీ వేసినను పళ్లు చూపలేదు. ఆటోలో వైద్యశాలకు పోయితిమి. వైద్యుడు సూది వేయు క్షణమున నా చేతిలోని చేపముక్కలపైనే దాని దృష్టి. ఆ నెలలో నాలుగు కుక్కలకు టీకా పడెను. అందు రెండు నగరపాలకసంస్థ బండిలో శస్త్రచికిత్సకు పోయి, చెవికొన కత్తిరించిన గుర్తుతో మా సందునకే తిరిగివచ్చెను. ఐదవది నేటికిని మాకు లొంగలేదు.

ఇంతటితో భయము పోయినదని నేను చెప్పను. టీకా పడిన కుక్కయు కఱవగలదు. తిండి పెట్టువాడు వీధిలోని యితరులకును బాధ్యుడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు తిండి పెట్టు చోటు పిల్లలాడు తావునకు, రాకపోకల ద్వారములకు, మెట్లకు దూరముగ నుండవలెనని చెప్పినవి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధిలో ఎక్కడపడిన అక్కడ తిండి వేయరాదనియు, వార్డువార్డునకు వేరు స్థలము లేర్పరుపవలెననియు ఆజ్ఞాపించెను. బడికిపోవు బాలిక కుక్కల గుంపును చూచి దారి మార్చుకొనవలసివచ్చినచో, ఆ గుంపునకు పెట్టిన నా ముద్దకు పుణ్య మెక్కడిది?

ఇంతవఱకు కుక్కల సంగతి. అసలు చెప్పదలచినది ఇక చెప్పుదును.

ఒక సాయంకాలము కండ ఏరుట ముగిసినది. ఉప్పులేని తెల్లని కొర్రమట్ట ముక్క యొకటి చేత పట్టుకొని ఆ విద్యార్థి నవ్వుచు, “సార్, ఈ ముక్క నేను తింటే కుక్కల పొయ్యి మైలపడుతదా?” అని యడిగెను. నేను మారుపలుకలేకపోతిని. ఆ ముగ్గురు విద్యార్థుల అద్దెకాగితములో ‘గదిలో మాంసము, చేప, గ్రుడ్డు వండరాదు’ అని యొక పంక్తి యున్నది. ఆ పంక్తిని వ్రాసినవారే కుక్కలకొఱకు అదే మేడమీద చేప వండుటను పుణ్యకార్య మనిరి. చేపలోని వాసన రెండింటను ఒక్కటే. భేద మెక్కడ నున్నది? కుక్కకు పెట్టునపుడు మనము దాతలము. ఆ పిల్లవాడు తనకు తాను వండుకొనునపుడు మనతో సమానుడు. దాతృత్వమునకు తెఱచుకొన్న తలుపు సమానత్వమునకు మూసికొన్నది.

ఆ రాత్రి మనుస్మృతి తీసి భూతయజ్ఞపు భాగము మరల చూచితిని. నేలపై అన్నముంచవలసినది కుక్కలకు మాత్రమే కాదు. కుక్కల వెంటనే పతితులు, శ్వపచులని పిలువబడిన మనుష్యులు, పాపరోగులు, అటుపిమ్మట కాకులు, క్రిములు. భూతదయకు నిదర్శనముగా చెప్పు వాక్యములోనే మనుష్యులు కుక్క ప్రక్కన కూర్చుండబెట్టబడిరి. వారి అన్నము నేలపై పెట్టబడినది. సభలలో ఉపన్యసించువారు కుక్కలను కాకులను చెప్పి, నడుమనున్న మనుష్యులను విడిచి సాగిపోవుదురు. భారతారంభమున సరమ అను దేవశుని, యజ్ఞశాలలో నిష్కారణముగా దెబ్బలు తిన్న తన బిడ్డకొఱకు, వాడు చేసిన తప్పేమని సోదరులతో గూడియున్న జనమేజయు నడిగెను. వారు సమాధానమీయలేదు. ఆ పిల్లవాడు నవ్వుచు అడిగిన ప్రశ్నయు ఇట్టిదే.

మనుష్యుని కుక్కతో పోల్చుట నా యుద్దేశము కాదు. పెట్టువాని మనస్సు రెండుచోట్లను ఒకేవిధముగా నడచుచున్నదని మాత్రమే చెప్పుచున్నాను. తాను తినునదే మంచి తిండి యని పెట్టువాడు తలచును. పుచ్చుకొనువాడు దానికి కృతజ్ఞుడై యుండవలెను. కుక్కవిషయమున దీనివలన నష్టము రాలిన వెండ్రుకలు. బిడ్డలవిషయమున నష్ట మింకను పెద్దది. 2015లో మధ్యప్రదేశ ప్రభుత్వము అంగన్‌వాడీ పిల్లలకు గ్రుడ్డు పెట్టవలెనను ప్రతిపాదనను త్రోసిపుచ్చెను. పిల్లల తలిదండ్రులు గ్రుడ్డు వలదనలేదు, పెట్టువారు వలదనిరి. ఒక గ్రుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులుండును. అది యే బిడ్డకు అవసరమో ఆ బిడ్డ యింటివారికి తెలియును. బడి భోజనపు వరుసలో గ్రుడ్డున్న దినమున హాజరుపట్టీ నిండుట తెలంగాణ ఉపాధ్యాయు లెఱిగినదే. తినని బిడ్డకు అరటిపండు ఇచ్చెదము. ఆ బిడ్డ యిష్టము ప్రక్కవాని పళ్లెముపై అధికారము కాదు.

నేను నేటికిని చేప తినను. తినవలెనని యెవరికిని చెప్పను. మా తల్లిగారి ఇడ్లీ పళ్లెము మా తల్లిగారిదే. తన పళ్లెమును కాపాడుకొను హక్కు ఆమెకున్నట్లే, తన గదిలో తన పళ్లెము పెట్టుకొను హక్కు అద్దె చెల్లించు ఆ పిల్లవానికిని ఉండవలెను గదా? ఈ మాట భవనస్వామితో చెప్పితిని. ఆయన కోపింపలేదు. “వాసనకు మిగతావాళ్లు ఊరుకోరండీ,” అనెను. ఆ మిగతావారిలో మేమును నున్నాము గనుక, మాకభ్యంతరము లేదని కాగితముపై వ్రాసి సంతకము చేసి యిచ్చితిని. మా తల్లిగారు దానిని చదివించుకొని విని, “కిటికీ తెరచి వండుకోమను,” అనిరి. తొమ్మిది కుటుంబములలో ఇప్పటికి నాలుగు సంతకము చేసినవి.

ఈ పత్రికను చదువు గృహస్థులలో ఇండ్లు అద్దెకిచ్చువారు చాలమంది యుందురు. వీధికుక్కకు చిరుతిండి చేయదలచినవారికి పైన వ్రాసిన విధము చాలును. ముల్లు జాగ్రత్త, ఉప్పు వలదు, టీకా మఱవరాదు. కాని ఆ పని మొదలుపెట్టుటకు ముందు బీరువాలోని అద్దెకాగితము నొకసారి తీసి చూతురు గాక. అందు అట్టి పంక్తి యున్నచో కొట్టివేయుటకు చేపకంటెను గ్రుడ్డుకంటెను తక్కువ ఖర్చగును.